కొత్త ఎలక్ట్రిక్ గిటార్ గరగరమంటోంది, తిప్పి పంపేయాలా?

ప్రశ్న: నేను విజయనగరంలో ఉంటాను. వయసు 26. ఐదేళ్లుగా అకూస్టిక్ గిటార్ మీద సినిమా పాటలు వాయించుకుంటున్నాను. పోయిన వారం ఆన్‌లైన్‌లో పదిహేను వేల లోపు ధరకు ఒక ఎలక్ట్రిక్ గిటార్, దానితోపాటు 10 వాట్ల చిన్న ఆంప్ (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) కొన్నాను. స్ట్రాటోకాస్టర్ ఆకారం, తీగల కదలికను పట్టే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, బాడీ మీద తీగలను పట్టి ఉంచే చోట వెనక స్ప్రింగులున్న ట్రెమొలో బ్రిడ్జ్. పెట్టె విప్పిన రోజు నేల మీద కాలు నిలవలేదు. రెండో రోజుకే అనుమానాలు మొదలయ్యాయి. అన్నిటికన్నా లావైన ఆరో తీగ, నెక్ మీది లోహపు మెట్లలో, అంటే ఫ్రెట్లలో, మొదటి నాలుగింట గరగరమంటోంది. పది నిమిషాలకోసారి శ్రుతి తప్పుతోంది. ఆంప్ ఆన్ చేస్తే బుయ్యిమని ఒకటే రొద. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది. ఎడమ చెయ్యి నెక్ మీద జారిస్తే ఫ్రెట్ల అంచులు గీసుకుంటున్నాయి. ఆఫీసులో ఒక మిత్రుడు దీన్ని పంపేసి ఇంకో పదివేలు వేసి మంచిది కొనమంటున్నాడు, ఇంకొకరు పికప్‌లు మార్చమంటున్నారు. మా నాన్నమ్మ వీణ వాయించేది, ఆమె వీణ ఇంట్లోనే ఉంది. దాన్ని చూపించి మా నాన్నగారు "అంత వాద్యం ఇంట్లో పెట్టుకుని ఈ కరెంటు డబ్బా ఎందుకురా" అంటున్నారు. తిప్పి పంపడానికి ఇంకా 5 రోజులే గడువుంది. ఏం చేయమంటారు? బ్రిడ్జ్‌ను ఊపి స్వరాన్ని వంచే ట్రెమొలో కడ్డీ ఇప్పుడే బిగించుకోవచ్చా?

సమాధానం: ఇవాళే తిప్పి పంపకండి, అలాగని గడువు దాటిపోనివ్వకండి. మీరు రాసిన నాలుగు ఫిర్యాదుల్లో మూడు గిటార్ చెడ్డదని చెప్పేవి కావు, దాన్ని వాయించడానికి అనువుగా ఇంకా ఎవరూ సరిచేయలేదని చెప్పేవి. నాలుగోది, అంటే ఫ్రెట్ల అంచుల సంగతి, మీరు పెట్టిన ధరతోపాటు వచ్చిన లోటు. చిరాకు పెడుతుంది కానీ కాస్త ఆకురాయి పనితో పోతుంది. తిప్పి పంపాలా వద్దా అన్నది తేల్చే విషయాలు మీ ఉత్తరంలో లేవు. ఈ ఐదు రోజుల్లో మొదటి రోజును వాటికే కేటాయించండి, ఎందుకంటే నెక్ వంపు సరిచేసే కడ్డీ తిరుగుతోందో లేదో చూడటం తప్ప తక్కిన పనులన్నీ ఆరో రోజున మొదలుపెట్టినా నష్టం లేదు.

ముందుగా గిటార్‌ను పగటి వెలుతురులో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వడ్రంగి చెక్క వంకర చూసేటప్పుడు చేసినట్టే, ఒక కన్ను మూసి బ్రిడ్జ్ వైపు నుంచి నెక్ పొడవునా చూడండి. తీగల లాగుడుకు నెక్ కొద్దిగా విల్లులా ముందుకు వంగి ఉండటం సహజం, అవసరం కూడా. అలా కాక ఆరో తీగ వైపు అంచు ఒక తీరుగా, ఒకటో తీగ వైపు అంచు మరో తీరుగా పోతూ, నెక్ తాడు పేనినట్టు మెలితిరిగి కనిపిస్తే దాన్ని ఏ మరా సరిచేయలేదు. ఆ గిటార్‌ను ఇంకేమీ చూడకుండా పెట్టెలో పెట్టి పంపేయవచ్చు. తరువాత శ్రుతి కీలుండే తల, అంటే హెడ్‌స్టాక్, నెక్‌తో కలిసే చోట, నెక్ బాడీలోకి దిగే చోట వేలిగోరును నెమ్మదిగా నడిపించండి. నెక్ దిగే చోట పాలిష్ మీద వెంట్రుకంత గీత ఉన్నా కంగారు పడనక్కరలేదు, అక్కడ పాలిష్ చిట్లడం ఖరీదైన గిటార్లలోనూ చూస్తాం. గోరు ఆ గీతలో దిగి ఆగితే మాత్రం అది పాలిష్ కాదు, చెక్కే పగిలింది.

ఆ తరువాత ఆంప్‌కు కలిపి, ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్‌నూ ఒక్కొక్కసారి మీటండి. మీ గిటార్‌కు 21 ఫ్రెట్లుంటే 126 స్వరాలు, 22 ఉంటే 132, పావుగంట పని. స్వరం మోగకుండా టక్కుమని చచ్చిపోయే చోట్లను కాగితం మీద రాసుకోండి. ఒకటీ అరా ఉంటే మరమ్మతుదారు సరిచేస్తాడు, నెక్ అంతటా చెల్లాచెదురుగా ఐదారు ఉంటే ఫ్రెట్లు సమంగా కూర్చోలేదని అర్థం. ఈ ధర గిటార్‌కు ఫ్రెట్లన్నీ మళ్లీ సమం చేయించడం తలకు మించిన ఖర్చు కాబట్టి అప్పుడు పంపేయడమే మంచిది. ఐదు స్థానాల స్విచ్‌ను ప్రతి స్థానంలోనూ పెట్టి, చిన్న స్క్రూడ్రైవర్ కొసతో ఒక్కొక్క పికప్‌ను మెల్లగా తడితే ఆంప్‌లో టక్‌టక్ వినిపించాలి. ఏ స్థానంలోనూ వినిపించని పికప్ పనిచేయడం లేదన్నమాట. కేబుల్ జాక్‌ను అటూ ఇటూ కదిపితే శబ్దం తెగిపోతే అది చిన్న టంకం పనే అయినా, గడువులో ఉండగా మీరెందుకు పెట్టుకోవాలి, అమ్మినవారికే చెప్పండి. ఈ పరీక్షలన్నిటినీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, తరువాత మాటామాటా వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

ఈ పరీక్షల్లో గిటార్ నెగ్గితే, మీ నాన్నమ్మగారి వీణ దగ్గరికి ఒకసారి వెళ్లండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. మీ జిల్లాలోనే బొబ్బిలి గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణలు చేసేవారు చెక్కపని ముగిసినంత మాత్రాన వాద్యం పూర్తయిందని అనరు. దండి మీద మైనంతో మేళం కట్టి, 24 మెట్లను చెవితో ఒక్కొక్కటిగా జరిపి, స్వరం కుదిరిన చోట నిలిపాకే అది వీణ అవుతుంది. కొన్నేళ్లకు మైనం సడలి మెట్లు కదిలి స్వరం పోతే మళ్లీ మేళం కట్టిస్తారు కానీ, వీణ పాడైపోయిందని ఎవరూ పారేయరు. గిటార్‌లో ఫ్రెట్లను చెక్కలోకి దిగగొట్టేస్తారు కాబట్టి అవి కదలవు. వాటికి బదులు నెక్ వంపు, బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చిన్న దిమ్మెలు, అంటే శాడిల్స్, ఎత్తు, నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ, అంటే నట్, గాళ్ల లోతు మారతాయి. ఆ మూడింటినీ కుదర్చడాన్నే గిటార్ వాళ్లు సెటప్ అంటారు. అది మన మేళం కట్టడం వంటిదే. మీ గిటార్‌కు అది ఇంకా జరగలేదు, అంతే.

ఎందుకు జరగలేదంటే, ధర తగ్గించడానికి కోత పడే చోటు అదే. యమహా వారి పసిఫికా వరుస 1990లో మొదలైంది, ఫెండర్ వారు తమ గిటార్లనే తక్కువ ధరలో స్క్వయర్ పేరుతో 1982 నుంచి ఇస్తున్నారు. ఇటువంటి గిటార్లన్నిటిలో చెక్క కోత, ఫ్రెట్ గాళ్ల కొలత యంత్రమే చేస్తుంది, యంత్రం ఖరీదైన గిటార్‌కు ఎంత కచ్చితంగా కోస్తుందో చవక గిటార్‌కూ అంతే కచ్చితంగా కోస్తుంది. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌లో నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు 648 మి.మీ.; మొదటి ఫ్రెట్ నట్‌కు 36.4 మి.మీ. దూరంలో, పన్నెండోది సరిగ్గా సగంలో, 324 మి.మీ. దగ్గర ఉండాలి. స్కేలు పెట్టి కొలిచి చూడండి, మీ గిటార్‌లోనూ అలాగే ఉంటాయి. మిగిలేది మనిషి చేతి పని: ఫ్రెట్ల కొసలు గుండ్రంగా అరగదీయడం, నట్ గాళ్లను తీగకు సరిపడా కోయడం, చివర కూర్చుని వాయించి సరిచేయడం. గంటల లెక్కన కూలి పడేది వీటికే కాబట్టి చవక గిటార్‌లో ఇవే తగ్గుతాయి. ఆ మిగిలిపోయిన పని ఇప్పుడు మీ చేతికి వచ్చింది.

ఇక గరగర. మొదటి నాలుగు ఫ్రెట్లలోనే వస్తోందని మీరు విడిగా రాయడం మంచిదైంది, రోగం పేరు మీరే సగం చెప్పేశారు. అన్ని ఫ్రెట్లలోనూ గరగరమంటే తీగలు మరీ కిందికి ఉన్నట్టు, ఒక్క ఫ్రెట్‌లోనే అయితే దాని పక్క ఫ్రెట్ పైకి లేచినట్టు, వేలు పెట్టకుండా మీటినప్పుడు మాత్రమే అయితే నట్ గాడి ఎక్కువ లోతు తెగినట్టు. మొదటి మూడు నాలుగింటిలో మాత్రమే అయితే నెక్‌కు ఉండవలసిన వంపు లేక బల్లలా తిన్నగా ఉందన్నమాట. మీటిన తీగ దాని పొడవు మధ్యలో ఎక్కువగా ఊగుతుంది కాబట్టి, ఆ ఊపుకు చోటు ఇవ్వడానికే నెక్‌కు ఆ కాస్త వంపు కావాలి. గోడౌన్లలో, లారీల్లో రకరకాల తేమలో తిరిగి వచ్చిన చెక్క కొలత మారిపోవడంలో వింతేమీ లేదు.

వంపును ఊహించకండి, కొలవండి. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర కేపోతో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు), చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కి పట్టి, ఎనిమిదో ఫ్రెట్ తలకూ తీగ అడుగుకూ మధ్య సందు ఎంతుందో చూడండి. సుమారు 0.25 మి.మీ. ఉండాలి. కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి. మోటారుసైకిల్ మెకానిక్ టాపెట్ సెట్ చేసేటప్పుడు వాడే ఆ సన్న రేకుల కట్టే, ఏ స్పేర్ పార్టుల దుకాణంలోనైనా దొరుకుతుంది. మీ గిటార్‌లో ఆ రేకు దూరకపోతే నా అనుమానం నిజమైనట్టు. అప్పుడు నెక్ లోపల వంపును సరిచేసే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, గిటార్‌తో వచ్చిన అలెన్ కీతో, కీ పెట్టిన వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లుకు ఎదురుదిశలో ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే వదులు చేయండి. మళ్లీ శ్రుతి చేసి, ఒక రాత్రి అలాగే ఉంచి, మర్నాడు కొలవండి. తేలిగ్గా కదలకపోతే బలం పెట్టకుండా ఆపేయండి. తిరగని ట్రస్ రాడ్ తిప్పి పంపడానికి చాలినంత కారణం.

ఈ ఎనిమిదో వంతు అన్న మాటను నేను పుస్తకం చూసి రాయడం లేదు. నా మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌ను కొన్న సాయంత్రమే, చదివినదంతా వంటబట్టిందనుకుని, ట్రస్ రాడ్‌ను ఒకే విడతలో పూర్తి చుట్టు తిప్పాను, అదీ ఎదురు వైపుకు. తెల్లారి చూస్తే ఆరో తీగ మొదటి ఐదు ఫ్రెట్ల మీద పడుకుని ఉంది, ఎక్కడ నొక్కినా ఒకే స్వరం. గిటార్ చచ్చిపోయిందనే అనుకున్నాను. మూడు రోజులపాటు రోజుకు కొంచెం చొప్పున వెనక్కి తెచ్చుకోగా తేరుకుంది కానీ, అందరికీ నాలాంటి అదృష్టం కలిసి రాకపోవచ్చు.

వంపు కుదిరాక పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు చూడండి. సుమారు 1.6 మి.మీ. ఉంటే చేతికి హాయిగా ఉంటుంది, తక్కువైతే శాడిల్ మీది రెండు చిన్న మరలతో పైకి లేపుకోండి. కొందరు తీగలను ఫ్రెట్లకు అంటుకునేంత కిందికి దించి వేగంగా వాయించగలుగుతున్నామని మురిసిపోతారు. పై ఫ్రెట్లలో తీగను పక్కకు లాగగానే స్వరం టక్కున ఆగిపోవడం అప్పుడు మొదలవుతుంది. ఇంకో మాట: ఆంప్ లేకుండా దగ్గరగా చెవి పెడితే వినిపించే సన్నటి గరగర ఆంప్‌లో వినిపించకపోతే దాన్ని పట్టించుకోకండి. ఎలక్ట్రిక్ గిటార్‌కు నోరు ఆంప్‌లో ఉంది.

శ్రుతి తప్పడం గురించి మీకు చెప్పవలసినవి రెండు ఉన్నాయి, మొదటిది మీ గిటార్‌ది కాదు, మీ చేతిది. అకూస్టిక్ మీద ఐదేళ్లు లావు తీగలు నొక్కిన వేళ్లు మీవి. ఎలక్ట్రిక్ గిటార్లకు మామూలుగా వేసే 9-42 సెట్‌లో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన తీగల మందం) ఆరు తీగల లాగుడు మొత్తం కలిపి 38 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, అకూస్టిక్ మీద అది దాదాపు రెట్టింపు. అంత బలానికి అలవాటు పడిన వేలు ఈ సన్న తీగను నొక్కితే తీగ ఫ్రెట్ల మధ్య చెక్క దాకా దిగి, స్వరం పైకి జరుగుతుంది. ట్యూనర్ తగిలించి మూడో ఫ్రెట్‌లో ఒకసారి మామూలుగా, ఒకసారి స్వరం పలికేంత మాత్రమే మెత్తగా నొక్కి చూడండి, ముల్లు ఎంత తేడా చూపిస్తుందో మీకే తెలుస్తుంది. మీరు శ్రుతి తప్పిందనుకున్న సందర్భాల్లో కొన్నయినా ఇవే అయి ఉంటాయి.

రెండోది బ్రిడ్జ్. మీ అకూస్టిక్ బ్రిడ్జ్ చెక్కకు అతుక్కుని ఉంటుంది. ట్రెమొలో బ్రిడ్జ్ అలా కాదు, అది త్రాసు: ఒక పక్క ఆరు తీగలు లాగుతుంటాయి, మరో పక్క బాడీ వెనక గుంతలోని స్ప్రింగులు లాగుతుంటాయి. ఆరో తీగ బిగించగానే బ్రిడ్జ్ ముందుకు వాలుతుంది, వాలగానే తక్కిన ఐదు తీగలూ కిందికి దిగుతాయి. అవి సరిచేసేసరికి ఆరోది మళ్లీ పోతుంది. ఒక్క చుట్టులో శ్రుతి చేసి వాయించడం మొదలుపెడితే పది నిమిషాలు కూడా నిలవదు. ఆరు తీగల మీదా మూడు నాలుగు చుట్లు తిరిగితే గాని త్రాసు కుదరదు. ఈ బాధ వద్దనుకుంటే వెనక ప్లాస్టిక్ మూత విప్పి, స్ప్రింగులను పట్టి ఉంచే ఇనుప పట్టీ మరలు రెండింటినీ బ్రిడ్జ్ బాడీకి ఆనేదాకా సమంగా బిగించేయండి. మొదటి ఆరు నెలలకు నేను ఎవరికైనా ఇదే చెబుతాను.

ఆ పనికి ముందే తీగలు మార్చండి. ఫ్యాక్టరీలో వేసిన తీగలు మీ ఇంటికి వచ్చేసరికే ఎన్నో నెలలు చూసి ఉంటాయి, సముద్రానికి అంత దగ్గరి ఊరిలో ఉక్కు తీగకు తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. ఒక్కసారిగా అన్నీ విప్పకుండా ఒకటి తీసి ఒకటి వేస్తే బ్రిడ్జ్ కదలదు. కొత్త తీగ వేశాక పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని పైకి మెల్లగా లాగి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ లాగండి. నాలుగైదు సార్లకు తీగ సాగడం ఆగుతుంది. శ్రుతి చేసేటప్పుడు నట్ దగ్గర టిక్కుమని చిన్న శబ్దం వస్తే తీగ గాడిలో ఇరుక్కుంటోందని గుర్తు. తీగ పక్కకు తప్పించి మెత్తటి పెన్సిల్ ముక్కుతో ఆ గాడిలో రుద్దండి, ఆ నల్లటి పొడి నూనెలా పనిచేస్తుంది. శ్రుతి పైకి మించిపోతే కిందికి దించి వదిలేయకుండా, ఇంకా కిందికి దించి మళ్లీ కింద నుంచి పైకి తెచ్చి ఆపండి. మీ నాన్నమ్మగారు బిరడ తిప్పే తీరు గుర్తుంటే ఇది కొత్తగా అనిపించదు.

రొద విషయంలో మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం నాకు ధైర్యం ఇచ్చింది: తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోందన్నారు. అంటే తీగలకు ఎర్త్ కనెక్షన్ లోపల సరిగానే ఉంది. సింగిల్ కాయిల్ పికప్ అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్న రాగితీగ. అది తీగల కదలికనే కాక, ఇంటి కరెంటు చుట్టూ అల్లుకున్న అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ రొదలో 50, 100, 150 హెర్ట్జ్ ధ్వనులుంటాయి. ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కి మీటి చూడండి, అది జి స్వరం, 98 హెర్ట్జ్. మీ ఇంటి రొద ఆ జి స్వరానికి కొద్దిగా పైన మోగుతూ ఉంటుంది. ఒకసారి విన్నాక ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడ్డా మీకు జి వినిపించడం మానదు. నాకు ముప్పై ఏళ్లుగా ఇదే అవస్థ.

గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను సున్నాకు తిప్పండి. రొద పూర్తిగా పోతే అది పికప్‌లదే, సహజమే. అలాగే ఉంటే కేబుల్‌నో ఆంప్‌నో అనుమానించాలి. తరువాత గిటార్ పట్టుకుని కుర్చీలో నెమ్మదిగా చుట్టూ తిరగండి, ఏదో ఒక దిక్కున రొద బాగా సన్నగిల్లుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్‌కూ, ఎల్‌ఈడీ ట్యూబులకూ, ఫోన్ చార్జర్‌కూ దూరంగా ఆ దిక్కుకు తిరిగి కూర్చోవడం అలవాటు చేసుకోండి. స్విచ్‌ను రెండో స్థానంలో, నాలుగో స్థానంలో పెట్టి వినండి. మధ్య పికప్‌ను ఎదురుదిశలో చుట్టి, అయస్కాంతాన్ని తిరగేసి బిగించిన గిటార్లలో ఆ రెండు స్థానాల్లో రొద దాదాపు మాయమవుతుంది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడు ఆ స్విచ్‌కు మూడే స్థానాలుండేవి. వాయించేవాళ్లు రెండింటి మధ్య దాన్ని నిలబెట్టి ఆ స్వరాన్ని కనిపెట్టుకున్నారు, ఫెండర్ వారు ఐదు స్థానాల స్విచ్ బిగించడానికి 1977 దాకా పట్టింది.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. తీగలు తాకినప్పుడు రొద తగ్గడానికి బదులు పెరిగినా, వేళ్లకు చిమచిమలాడినట్టు అనిపించినా, వెంటనే ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు, ఉన్నా ఉప్పూ బొగ్గూ పోసిన ఎర్తింగ్ గుంత ఎండాకాలంలో ఎండిపోయి ఉండవచ్చు. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఆంప్ ప్లగ్‌ను ఎలాగో దూర్చే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. చెమట పట్టిన చేతులతో ఉక్కు తీగలు పట్టుకునే వాద్యం ఇది.

ఫ్రెట్ల అంచులకు పెద్ద కథ లేదు. చెక్క ఎండి కుంచించుకుపోతే ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి, మీ ఊరి తేమకు చెక్క తిరిగి కొంత ఉబ్బితే ఆ పొడుపు తగ్గవచ్చు. అసలు అరగదీయకుండానే వదిలేసిన కొసలైతే తగ్గవు. రెండు మూడు వారాలు ఆగి అప్పటికీ గీసుకుంటుంటే, ఫింగర్‌బోర్డు చెక్కకు మాస్కింగ్ టేపు అంటించి, సన్నపళ్ల చిన్న ఆకురాయితో ఒక్కొక్క కొసనూ మూడు నాలుగు సార్లు మాత్రమే తాకించి గుండ్రం చేయవచ్చు. చేతి మీద నమ్మకం లేకపోతే విశాఖ వెళ్లి గిటార్ మరమ్మతు తెలిసినవారి చేత సెటప్‌తోపాటు ఒకే విడతలో చేయించుకోండి. ముందే ఫోన్ చేసి, ఫ్రెట్ కొసల పని కూడా చేస్తారా అని అడిగి బయలుదేరడం మంచిది.

మీ మిత్రుల సలహాల గురించి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఇంకో పదివేలు వేస్తే మెరుగైన ట్యూనింగ్ కీలు, కాస్త నునుపైన ఫ్రెట్లు వస్తాయి, అది నిజమే. మొదటే అడిగి ఉంటే బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రొదను తగ్గించే రెండు కాయిళ్ల పికప్) ఉన్న పసిఫికా 112 వంటిది చూడమని, దానితో రొద కొంత తగ్గుతుందని చెప్పేవాణ్ణి. కానీ ఆ గిటార్ కూడా పెట్టెలో నుంచి తీయగానే సెటప్ అడుగుతుంది, అప్పుడు మీరు ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు. పికప్‌లు మార్చడమన్నది ఇంకా తొందరపాటు. నెక్ కుదరని గిటార్‌లో కొత్త పికప్ చేసే పని ఆ గరగరనే మరింత స్పష్టంగా వినిపించడం. పికప్‌లను మార్చే ముందు వాటి ఎత్తు సరిచేసి చూడండి: చివరి ఫ్రెట్‌లో తీగలను నొక్కి పట్టినప్పుడు ఆరో తీగ వైపు 2 మి.మీ., ఒకటో తీగ వైపు 1.6 మి.మీ. దూరం ఉంటే చాలు. మరీ దగ్గరికి లేపితే అయస్కాంతం తీగను లాగి, లావు తీగల మీద పై స్వరాలు వణుకుతూ పలుకుతాయి, చాలామంది దాన్ని కూడా చవక గిటార్ దోషంగానే లెక్కవేస్తారు.

నాన్నగారి మాటకు జవాబు ఇవ్వడం నా పని కాదు, ఒక పని మాత్రం చేసి చూడమంటాను. మీ ఊరి మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పట్టుకున్నది ఐరోపా నుంచి వచ్చిన వయొలినే. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతం మొత్తాన్ని పలికించింది కరెంటుతో మోగే మాండలిన్ మీదే. ఇవి ఆయనకు తెలియనివై ఉండవు. తెలియనిది ఇది: వీణ మీద తీగను మెట్టు మీదే పక్కకు లాగి గమకం పలికించినట్టే, సెటప్ అయిన ఈ సన్న తీగల మీద కూడా లాగవచ్చు. అకూస్టిక్ లావు తీగల మీద మీకు అది కుదిరి ఉండదు. ఒక సాయంత్రం ఆంప్‌లో గెయిన్ పూర్తిగా తగ్గించి, మూడో తీగ ఏడో ఫ్రెట్ దగ్గర నొక్కి, తొమ్మిదో ఫ్రెట్ స్వరం పలికేదాకా నెమ్మదిగా లాగి, అంతే నెమ్మదిగా వదలండి. ఆయన పక్క గదిలో ఉన్నప్పుడు చేయండి, ఎదురుగా కూర్చోబెట్టి కాదు.

ట్రెమొలో కడ్డీ ఇప్పుడు బిగించకండి. పైన చెప్పినట్టు బ్రిడ్జ్‌ను బాడీకి ఆనేలా బిగించాక ఆ కడ్డీతో స్వరాన్ని కిందికి మాత్రమే దించగలరు, నట్ గాళ్లు నునుపు కాకముందు వాడితే శ్రుతి మళ్లీ మొదటికొస్తుంది. తీగలు స్థిరపడి, అరగంట వాయించినా ట్యూనర్ ముల్లు కదలని రోజు వచ్చాక బిగించుకోండి. అందాకా దాన్ని అలెన్ కీతోపాటు ఒకే సంచిలో వేసి ఉంచండి, చిన్న వస్తువు, పోతే ఆ గాడికి సరిపడే మర ఉన్నది వెతకడం కష్టం.